సెర్చ్ బాక్సులో మీ పేరు కొట్టి చూశారా?

ఎక్కడో పెట్టి మర్చిపోయిన ఫైల్‌ను కంప్యూటర్ రెండు సెకన్లలో తీసి ముందుంచితే సంతోషమే. కానీ మీ తర్వాత అదే కుర్చీలో కూర్చునే వాళ్లకూ అంతే చప్పున తీసి ఇస్తే? మీరు కొట్టిన మాట ఇంకెక్కడికో కూడా వెళ్తుంటే? విద్యార్థులు, ఉద్యోగార్థులు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

నిరుడు జూలై. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజులు. మా చెల్లిని వెంటబెట్టుకుని హాలియాలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. నిడమనూరు, పెద్దవూర, గుర్రంపోడు, తిరుమలగిరి వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ల వెంట నాన్నలు. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. వాటిలో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్. లోపల మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, గుక్క తిప్పుకోవడానికి తీరిక లేని ఓనరన్న.

‘తమ్మీ, నువ్వు ఇంజినీరువే గదా, ఆ మూలకున్న సిస్టమ్ మీద నువ్వే జేస్కో’ అన్నాడు. సరే అని కూర్చున్నా. చెల్లి సర్టిఫికెట్లు స్కాన్ చేశాం. అవి ఎక్కడ సేవ్ అయ్యాయో కనబడలేదు. అందరం చేసే పనే చేశా. కింద సెర్చ్ బాక్సులో ‘మెమో’ అని కొట్టా.

వరసగా వచ్చిపడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు. ఊరి పేరు, పిల్ల పేరు, పక్కన ‘మెమో’ అని రాసిన ఫైళ్లు. చెల్లి పేరు కొడితే అదే పేరున్న ఇంకో అమ్మాయి ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటో, సంతకం. ఆ అమ్మాయెవరో మాకు తెలియదు. మేమెవరమో ఆమెకు తెలియదు.

అప్పుడు అనుమానం వచ్చి నా పేరు కొట్టాను. 2019లో ఇంజినీరింగ్ అయిపోయాక ఉద్యోగాలకు పంపిన నా రెజ్యూమె వచ్చింది. ఫోన్ నంబరు, నాన్న పేరు, ఇంటి నంబరుతో సహా. ఆ రోజుల్లో అదే సెంటర్‌లో ప్రింట్ తీసుకున్నా. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లా గానీ డెస్క్‌టాప్ మీదున్న కాపీ తీసేయడం మర్చిపోయా. ఆ పాత కంప్యూటర్ ఎప్పుడో పాడైంది. అందులో ఉన్నవన్నీ కొత్తదానిలోకి కాపీ చేశారట. కంప్యూటర్ పోయినా నా ఫైల్ మాత్రం బతికే ఉంది.

ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఎంతమంది ఆ కుర్చీలో కూర్చున్నారో లెక్క లేదు.

సెర్చ్ ఎలా పనిచేస్తుంది?

మీరు పేరు కొట్టగానే కంప్యూటర్ అప్పటికప్పుడు హార్డ్‌డిస్క్ అంతా గాలిస్తుందని అనుకుంటున్నారా? అలా చేస్తే నిమిషాలు పడుతుంది. అది ముందే ఒక జాబితా తయారు చేసుకుని పెట్టుకుంటుంది. దాన్నే ఇండెక్స్ అంటారు.

తహసీల్దార్ ఆఫీసులో రికార్డు గది గుర్తు తెచ్చుకోండి. పాత పహాణీలు కట్టలు కట్టలుగా ఉంటాయి. బయటివాడు లోపలికి వెళ్లినా రోజంతా వెతకాల్సిందే. కానీ ఏ సర్వే నంబరు ఏ కట్టలో ఉందో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్న అటెండర్ ఉంటే? నిమిషంలో తీసి ఇస్తాడు. ఇండెక్స్ ఆ నోట్‌బుక్కు లాంటిది. ఏ మాట ఏ ఫైల్‌లో ఉందో అందులో రాసి ఉంటుంది.

విండోస్ సెర్చ్ ఫైల్ పేర్లతో ఆగదు. వర్డ్ ఫైళ్లు, టెక్స్ట్ ఉన్న పీడీఎఫ్‌లు తెరిచి లోపలి మాటలనూ ఆ జాబితాలో ఎక్కిస్తుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను మామూలుగానే చూస్తుంది. స్కాన్ చేసిన ఆధార్ బొమ్మ లోపలి అంకెలు దానికి అందకపోవచ్చు. కానీ ఆ ఫైల్‌కు మనమే ‘ఫలానా పేరు, ఆధార్’ అని పేరు పెడతాం కదా! ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసిన అప్లికేషన్ పీడీఎఫ్ అయితే చెప్పనక్కర్లేదు. అందులో ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అన్నీ టెక్స్ట్ రూపంలోనే ఉంటాయి.

ఇక్కడ ఒక మాట సరిగ్గా అర్థం చేసుకోవాలి. సెర్చ్ సాఫ్ట్‌వేర్ కొత్తగా ఏ డేటానూ పుట్టించలేదు. ఆ ఫైళ్లు ముందు నుంచీ అక్కడే ఉన్నాయి. కాకపోతే ఇన్నాళ్లూ వాటిని కాపాడింది తాళం కాదు, చిందరవందర. ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ చూడలేదు. సెర్చ్ వచ్చి ఆ చిందరవందరను సర్దేసింది.

ఇరవై ఏళ్ల నాటి గొడవే

ఈ సమస్య కొత్తది కాదు. 2004 అక్టోబరులో గూగుల్ డెస్క్‌టాప్ సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఫైళ్లు, మెయిళ్లు, చాట్లు, చూసిన వెబ్‌పేజీలు అన్నీ ఇండెక్స్ చేసేది. వెంటనే వచ్చిన భయం ఏమిటో తెలుసా? లైబ్రరీల్లో, ఇంటర్నెట్ కేఫ్‌లలో ఒకరు చదివిన మెయిల్ తర్వాత కూర్చున్నవారికి కనబడితే ఎలా అని. హాలియాలో నేను చూసింది అదే భయం, ఇరవై ఏళ్లు ఆలస్యంగా.

అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఒకరు, ఇద్దరు విద్యార్థులతో కలిసి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం పట్టుకున్నారు. సొంత కంప్యూటర్‌లో దొరికిన ఫలితాలను అది గూగుల్ వెబ్ ఫలితాల పేజీలోనే కలిపి చూపించేది. ఆ కలపడాన్ని అడ్డం పెట్టుకుని, ఒక దొంగ వెబ్‌సైట్ మీ ఫైళ్లలోని ముక్కలను చదివే వీలుందని వాళ్లు చూపించారు. గూగుల్ దాన్ని సరిచేసింది. కనిపెట్టినవాళ్లలో ఇద్దరు విద్యార్థులే అన్నది గుర్తుంచుకోండి. చివర్లో దీని గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

2006 ఫిబ్రవరిలో వచ్చిన మూడో వెర్షన్ ఇంకో అడుగు వేసింది. ఇంట్లో కంప్యూటర్‌లోని ఫైల్‌ను ఆఫీసు కంప్యూటర్ నుంచి వెతుక్కునే సౌకర్యం. దానికోసం ఫైళ్ల కాపీలు గూగుల్ సర్వర్లకు వెళ్లి, గరిష్ఠంగా 30 రోజులు అక్కడ ఉండేవి. మనం ఆన్ చేసుకుంటేనే పనిచేసేది, నిజమే. అయినా డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ సౌకర్యం వాడొద్దని జనాన్ని హెచ్చరించింది. ఇంట్లోని కాగితం చూడాలంటే పోలీసులకు వారెంటు కావాలి. అదే కాగితం కంపెనీ సర్వర్ మీద ఉంటే అమెరికా చట్టంలో అంత రక్షణ లేదన్నది వాళ్ల వాదన. 2011లో గూగుల్ ఆ సాఫ్ట్‌వేర్‌నే ఆపేసింది.

కొట్టిన మాట ఎటు పోతోంది?

ఇండెక్స్ మీ కంప్యూటర్‌లోనే ఉంది, బాగుంది. మరి సెర్చ్ బాక్సులో మీరు కొట్టే మాటో? అది ఇంకో ప్రశ్న. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10 సంగతి చూడండి. లైనక్స్ అంటేనే మన చేతిలో ఉండే సాఫ్ట్‌వేర్ అని నమ్మేవాళ్లు వాడేది. అందులో ఫైల్ కోసం డ్యాష్‌లో ఏం కొట్టినా ఆ మాట కనోనికల్ కంపెనీ సర్వర్‌కు వెళ్లేది. మీ ఫైళ్ల పక్కనే అమెజాన్ వస్తువులు కనిపించేవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని సూటిగా స్పైవేర్ అన్నారు. గొడవ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2016లో వచ్చిన 16.04 వెర్షన్‌లో దాన్ని ముందే ఆఫ్ చేసి ఇచ్చారు.

2014లో యాపిల్ వంతు. యోస్మైట్‌తో వచ్చిన స్పాట్‌లైట్, కొట్టిన మాటతోపాటు ఎక్కడి నుంచి కొడుతున్నారో ఆ ప్రాంతాన్నీ కంపెనీకి పంపేది. వ్యక్తిని గుర్తుపట్టేలా పంపడం లేదని, తాత్కాలిక గుర్తింపు సంఖ్యను 15 నిమిషాలకోసారి మారుస్తామని యాపిల్ వివరణ ఇచ్చింది. సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకునే వీలు కూడా ఉంది. అయితే ఆఫ్ చేసుకోవాలంటే ముందు అలాంటిది ఒకటుందని తెలియాలి కదా.

ఇక మనలో ఎక్కువమంది వాడే విండోస్. స్టార్ట్ మెనూలో ఏదైనా కొట్టి చూడండి. మీ ఫైళ్ల పక్కన వెబ్ ఫలితాలు కూడా వస్తాయి. అవి బింగ్ నుంచి వస్తాయి. అంటే మీరు కొట్టిన అక్షరాలు అక్కడికి చేరితేనే కదా జవాబు వచ్చేది! ‘నాన్న బయాప్సీ రిపోర్ట్’ అని మీ ఫోల్డర్‌లోని ఫైల్ కోసమే కొడతారు. ఆ మూడు మాటలూ ఇల్లు దాటిపోతాయి. ఫైల్ పోలేదు. కానీ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికి ఆ మూడు మాటలు చాలవా?

యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం వచ్చాక, అక్కడి వాళ్లకు ఈ బింగ్ వెబ్ సెర్చ్‌ను పూర్తిగా తీసేసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. మన దగ్గర అలాంటి నిబంధన లేదు. రిజిస్ట్రీలో చిన్న మార్పు చేసుకుంటే ఆగుతుంది గానీ అది అందరూ చేసే పని కాదు.

రీకాల్ నేర్పిన పాఠం

2024 మే 20న మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ను ప్రకటించింది. ఆ కంపెనీ సారథి మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల అని మీకు తెలుసు. రీకాల్ పని ఏమిటంటే, కొన్ని సెకన్లకోసారి స్క్రీన్‌ను ఫొటో తీసి పెట్టుకోవడం. తర్వాత ‘మొన్న చూసిన ఆ నీలం చీర’ అని అడిగితే ఆ క్షణాన్ని వెతికి చూపించడం. అంటే ఫైళ్లకే కాదు, మీరు చూసిన ప్రతిదానికీ ఇండెక్స్.

ఫొటోలు కంప్యూటర్ దాటి పోవని కంపెనీ మొదటి నుంచీ చెప్పింది. అయినా గొడవ ఎందుకైంది? భద్రతా నిపుణులు తొలి వెర్షన్‌ను పరిశీలిస్తే, ఆ ఫొటోల్లోంచి తీసిన టెక్స్ట్ అంతా ఒక మామూలు డేటాబేస్‌లో ఉంది. మీరు లాగిన్ అయి ఉన్నప్పుడు కంప్యూటర్‌లోకి ఒక వైరస్ జొరబడితే చాలు, నెలల తరబడి మీరు చూసిందంతా ఒక్క ఫైల్‌లో దొరుకుతుంది. దాన్ని లాగి చూపించే చిన్న టూల్‌ను కూడా ఒకాయన తయారుచేసి బయటపెట్టారు.

జూన్ 18న కొత్త కంప్యూటర్లతో రావాల్సిన రీకాల్‌ను మైక్రోసాఫ్ట్ ఆపింది. మార్పులు చేసి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. ఇప్పుడు అది మనం ఒప్పుకుంటేనే ఆన్ అవుతుంది. డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. తెరవాలంటే విండోస్ హలోతో మనమేనని రుజువు చేసుకోవాలి. అది కూడా కోపైలట్ ప్లస్ అనే కొత్త రకం కంప్యూటర్లలోనే. అయినా సిగ్నల్ యాప్ నమ్మలేదు. 2025 మేలో తన విండోస్ వెర్షన్‌లో చాట్లను రీకాల్ ఫొటో తీయకుండా తెర అడ్డం పెట్టింది. ఎందుకంటే మీరు రీకాల్ ఆఫ్ చేసుకున్నా, మీరు మెసేజ్ పంపిన మనిషి ఆన్ చేసుకుని ఉండొచ్చు!

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. దాదాపు ప్రతిసారీ మారింది సాఫ్ట్‌వేర్ తెలివి కాదు. మొదట్లో ఆన్‌లో ఉంచాలా, ఆఫ్‌లో ఉంచాలా అన్న నిర్ణయం. అది కూడా ఎవరో కొందరు చూసి, అడిగి, గొడవ చేస్తేనే మారింది.

మీరు ఏం చేయాలి?

నెట్ సెంటర్‌లో, కాలేజీ ల్యాబ్‌లో:

• సొంత పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. స్కాన్ చేసినవి నేరుగా అందులోనే సేవ్ చేయించండి.

• లేచే ముందు సెర్చ్ బాక్సులో మీ పేరు, ఫోన్ నంబరు కొట్టి చూడండి. వచ్చినవన్నీ షిఫ్ట్ నొక్కి డిలీట్ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్, వాట్సాప్ వెబ్ లాగౌట్ మర్చిపోవద్దు.

• అందరికీ పూర్తి ఆధార్ అక్కర్లేదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ ఇస్తోంది. ఒప్పుకునేచోట అదే ఇవ్వండి.

• డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా వద్దు. అది పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన ఏడాది. పక్కనే మీ టెన్త్ మెమో ఉంటే రెండూ అందులోనే ఉన్నాయి.

సొంత ల్యాప్‌టాప్‌లో:

• విండోస్ 11లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. వెర్షన్‌ను బట్టి ‘సెర్చ్’ లేదా ‘సెర్చ్ పర్మిషన్స్’ అని ఉంటుంది. క్లౌడ్ కంటెంట్ సెర్చ్, సెర్చ్ హిస్టరీ, సెర్చ్ హైలైట్స్ అక్కర్లేకపోతే ఆఫ్ చేయండి.

• వెతకాల్సిన అవసరం లేని ఫోల్డర్లను ఇండెక్స్ నుంచి తీసేయొచ్చు. తీసేశాక ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి ‘రీబిల్డ్’ నొక్కితే పాత జాబితా పోయి కొత్తది తయారవుతుంది.

• మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, స్పాట్‌లైట్. సెర్చ్ ప్రైవసీలో ఫోల్డర్లను మినహాయించొచ్చు.

• ఫైల్ పేరుతో వెతికితే చాలనుకుంటే ‘ఎవ్రీథింగ్’ లాంటి చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. పేర్ల జాబితాను మీ కంప్యూటర్‌లోనే తయారు చేసుకుంటుంది.

• ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ ఉంటే ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ పెట్టండి. ఐదు నిమిషాల పని.

• ఆఫీసు ల్యాప్‌టాప్ మీది కాదు. అందులో ఇంటి పత్రాలు, హాస్పిటల్ రిపోర్టులు పెట్టొద్దు.

ఇందులో ఉద్యోగం కూడా ఉంది

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఏ పనికోసం డేటా తీసుకున్నారో ఆ పని అయిపోయాక తుడిచేయాలి అన్నది ఆ చట్టంలో ఒక ముఖ్య సూత్రం. డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

దీని అర్థం, కంపెనీలకు ఇప్పుడు ‘మన దగ్గర ఎవరి డేటా ఎక్కడుంది, ఎందుకుంది, ఎప్పుడు తీసేయాలి’ అని చెప్పగలిగే మనుషులు కావాలి. ప్రైవసీ అనలిస్ట్, ప్రైవసీ ఇంజినీర్, డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ లాంటి పేర్లతో ఆ పనులు ఉంటాయి. కోడింగ్ ఒక్కటే వస్తే సరిపోదు, చట్టం చదివి అర్థం చేసుకోవాలి. చట్టం ఒక్కటే తెలిస్తే చాలదు, డేటాబేస్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. నాస్కామ్ స్థాపించిన డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా డీసీపీపీ అనే సర్టిఫికేషన్ ఇస్తోంది. అంతర్జాతీయంగా ఐఏపీపీ వాళ్ల సీఐపీటీకి పేరుంది. ఫీజు కట్టే ముందు చట్టం కాపీ ఒకసారి చదవండి. అది ఉచితమే.

ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? పైథాన్‌లో చిన్న డెస్క్‌టాప్ సెర్చ్ మీరే రాయండి. ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లు చదివి ఇండెక్స్ తయారు చేయించండి. ఒక ఫైల్ డిలీట్ చేశాక దాని మాటలు ఇండెక్స్‌లో ఎంతసేపు మిగులుతున్నాయో చూడండి. తర్వాత వైర్‌షార్క్ పెట్టి, మీ సొంత కంప్యూటర్ సెర్చ్ బాక్సులో మాట కొట్టినప్పుడు ఏ సర్వర్‌తో మాట్లాడుతోందో నమోదు చేయండి. 2004లో ఆ ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టింది కూడా ఇలాంటి కుతూహలంతోనే.

మళ్లీ ఆ నెట్ సెంటర్‌కు

ఆ రోజు సాయంత్రం రద్దీ తగ్గాక ఓనరన్నను పిలిచి చూపించా. నా పేరు కొట్టి నా రెజ్యూమె, ఆ తెలియని అమ్మాయి పాస్‌బుక్. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘తమ్మీ, పది రోజులకు ఆ పిల్లనే మళ్లొస్తది. బస్సుల కవర్ పోయిందన్నా, మళ్ల ప్రింట్ తీయవా అంటది. గుర్రంపోడు కెల్లి రానుపోను పైసలు పెట్టుకొని వచ్చిన పిల్లను లేదని ఎట్ల పంపాలె?’

నా దగ్గర తయారు జవాబు లేదు. ఆయన చెప్పింది నిజమే. ఆ ఫైళ్లు ఉంచింది దొంగబుద్ధితో కాదు, దయతో. చాలాచోట్ల మన డేటా ఇలాగే మిగిలిపోతుంది, ‘ఎప్పుడన్నా పనికొస్తుందిలే’ అని.

ఇద్దరం కూర్చుని ఒక ఏర్పాటు చేశాం. కస్టమర్లు కూర్చునే సిస్టమ్‌లకు వేరే లాగిన్. స్కాన్లన్నీ ఆయన సొంత సిస్టమ్‌లో, పాస్‌వర్డ్ ఉన్న ఒక్క ఫోల్డర్‌లో. ఉంచమని అడిగినవాళ్లవి కౌన్సెలింగ్ అయ్యేదాకా, మిగతావి ఆ రాత్రికే డిలీట్. ‘సీజన్ల రోజూ తీయాలంటే టైం ఉంటదా తమ్మీ’ అన్నాడు. అందుకే ఒక చిన్న స్క్రిప్ట్ రాసిచ్చా. రాత్రి షట్టర్ దించే ముందు రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు.

సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు మళ్లీ వెళ్లి ఆ మూల సిస్టమ్ మీద కూర్చున్నా. నా పేరు కొట్టా, ఏమీ రాలేదు. ‘మెమో’ కొట్టా. నాలుగు వచ్చాయి. అన్నకు చూపిస్తే నాలుక కరుచుకుని, ‘నిన్నటివి తమ్మీ, మరిచిన’ అని అక్కడే తీసేశాడు.

మీ ఊళ్లో కూడా ఇలాంటి సెంటర్ ఒకటి ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు మీ పేరు కొట్టి చూడండి. ఫైల్ వస్తే కోపం తెచ్చుకోకండి. డిలీట్ చేయండి. తర్వాత ఆ అన్నను పిలిచి చూపించండి.